తొమ్మిదో అధ్యాయానికి సాక్షులు

పరీక్ష మొదటి రోజు

ఈ నెల కొత్త పుస్తకాలు అయిదు వచ్చాయి. మూడు బాగుపడే పుస్తకాలు, రెండు జీవిత కథలు. బాగుపడే పుస్తకాలంటే చదివినవాడిని బాగుచేస్తామని మాటిచ్చేవి. అలాంటిదాన్ని అరలో పెట్టే ముందు గ్రంథాలయం వాళ్లెవరైనా పది రోజులు అది చెప్పినట్టు బతికి చూడాలి. మా గ్రంథాలయంలో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి ఆ భాగ్యం ఎప్పుడూ నాదే.

పదకొండేళ్లలో అరవై మూడు పుస్తకాలు బతికి చూశాను. తెల్లవారకముందే లేచి సముద్రంలో మునిగాను. చుట్టూ ఉప్పునీళ్లు పెట్టుకుని పది రోజులు ఉప్పు లేని కూడు తిన్నాను. అద్దంలో చూసుకుని నన్ను నేను పొగుడుకోమంటే పొగుడుకున్నాను. ఆ ఒక్కటీ నాకు కష్టమనిపించలేదు. అరవై మూడింటిలో పనికొచ్చినవి తొమ్మిది. మిగతావన్నీ కథల అరలోకి పంపించాను. రాసినవాళ్లలో సగం మంది నాతో మాటలు మానేశారు. నలభై బల్లకట్లు గొలుసులతో కలిపి నడిసముద్రంలో కట్టుకున్న ఊరు మాది. ఈ చివర నుంచి ఆ చివరకు పావుగంట నడక. మాట్లాడనివాళ్లు రోజుకు నాలుగుసార్లు ఎదురవుతారు. ఎదురైతే నేనే పలకరిస్తాను, నాకేం నామోషీ లేదు.

ఈసారి పరీక్షకు వచ్చింది 'మొహమాటానికి పది రోజుల మందు'. రాసింది ఇరవై రెండో కట్టు మీది పళ్ల డాక్టరు. నోట్లో పనిముట్టు పెట్టి నొప్పిగా ఉందా అని అడిగితే, లేదండీ లేదండీ అంటూ కళ్లనీళ్లు కార్చే మనుషుల్ని ముప్పై ఏళ్లు చూసి, విసుగెత్తి రాశాడట. రోజుకో నియమం. మొదటిది: వద్దనుకున్నది వద్దనండి. పొద్దున్నే పక్కింటావిడ నాచు పచ్చడి పట్టుకొచ్చింది. వద్దన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది, సీసా తిరిగి తీసుకుపోయింది. ఊళ్లోకెల్లా మంచి పచ్చడి అది. నష్టం నాదే.

జీవిత కథల సంగతి వేరు. వాటిని బతికి చూడలేం కదా. అందుకని రాసినవారు సభలో చదివి వినిపించాలి. అందులో ఎవరెవరి పేర్లున్నాయో వాళ్లందరూ నిజమేనని సంతకం పెట్టాలి. అప్పుడు నేను ముద్ర వేస్తాను. ముద్ర పడిన పుస్తకం మాటకు ఊళ్లో ఎదురు లేదు. మా తాతలు నేల మీద ఉన్న రోజుల్లో ప్రతి జేబులోని ఫోనులోనూ ఒక అబద్ధం మోగుతూ ఉండేదట. అది పడలేక పెట్టుకున్న పద్ధతి ఇది. పడవ నడపాలన్నా, మంచినీళ్ల యంత్రం చూసుకోవాలన్నా ఇక్కడ ముద్ర పడిన జీవిత కథలు చదివే నేర్చుకుంటారు.

పోయిన వారం ముద్ర వేసినది మా మావయ్యగారిది, 'నా గొలుసులు, నా తుఫానులు'. ఓలేటి నూకరాజు గారంటే ఊళ్లో తెలియనివారు లేరు. ముప్పై ఏళ్లు తూర్పు గొలుసుల మేస్త్రిగా చేశారు. మా ఆయన గాలిమరల పని మీద దక్షిణాన ఉన్నాడు, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. సభ కోసం మావయ్యగారు మూడు నెలల చక్కెర వాటా దాచిపెట్టి రవ్వలడ్డూలు చేయించారు. పద్దెనిమిది మంది సాక్షులు లడ్డూ తిని, చేతులు తుడుచుకుని సంతకాలు పెట్టారు. నేను రెండు తిన్నాను.

రెండో రోజు

ఇవాళ్టి నియమం: తెలియనిది తెలియదనండి. రోజంతా ఎదురుచూశాను. నాకు తెలియనిది ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం పుస్తకాలు ఎండలో తిరగేస్తుంటే దేవుడమ్మ వచ్చింది. ముప్పై నాలుగేళ్ల మనిషి, రెండు నెలల క్రితమే తూర్పు గొలుసుల మేస్త్రి అయింది. ఇంతవరకూ ఒక్క తుఫాను కూడా ఆమె చేతుల మీదుగా పోలేదు.

"అక్కా, నూకరాజు మావ పుస్తకం ఓపాలి ఇయ్యి. తొమ్మిదో అధ్యాయం రాసుకోవాల," అంది.

"తుఫాను జెండాలు ఎగరేశారా?"

"రెండు నల్లవి ఎత్తేరు. ఇంకో ఏడు రోజులంట. పెద్దదే."

తొమ్మిదో అధ్యాయం పందొమ్మిదేళ్ల కిందటి పెద్ద తుఫాను గురించి. అంతకుముందు తుఫాను అంటే గొలుసులు బిగించేవారు, బిగిస్తే అవి తెగేవి. మావయ్యగారు ఆ పద్ధతికి ఎదురు తిరిగి గొలుసుల్ని ఆరు బారలు వదులు చేశారు. 'ఊరు ఉయ్యాలలా ఊగింది. ఒక్క కట్టు కూడా పోలేదు' అని రాశారు. దేవుడమ్మ నా బల్ల దగ్గరే కూర్చుని అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకుంది. తూర్పున ఉన్నవి ఆరు కట్లు, వాటి మీద తొమ్మిది వందల మంది. అందరినీ నడి ఊరికి తెచ్చిపెడదామంటే ఆ బరువుకు నడి ఊరు మునుగుతుంది. ఎక్కడివాళ్లు అక్కడే ఉండి గట్టెక్కాలి.

వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది. "ఈ పుస్తకం లేకపోతే నాకు కాళ్లు సేతులు ఆడేయి కాదక్కా," అంది. మా మావయ్యగారి పుస్తకం, నా ముద్ర. నిజం చెప్పొద్దూ, చాలా గర్వంగా అనిపించింది.

మూడో రోజు

నియమం: అడగాలనుకున్నది అడిగేయండి.

సింహాచలం పిన్ని రోజూ పొద్దున్నే వస్తుంది. డెబ్బై రెండేళ్లు. ఒకప్పుడు వంటిల్లు కట్టు మీద ఊరందరికీ వండిపెట్టిన మనిషి. బాగుపడే పుస్తకాలు ముట్టుకోదు, జీవిత కథలే చదువుతుంది. ఒక్కోదానికి నాలుగైదు రోజులు పడుతుంది. అలాంటిది మావయ్యగారి పుస్తకం పట్టుకెళ్లి గంటలో తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏం పిన్నీ, అప్పుడే ఇచ్చేశావు?"

"బానే ఉందమ్మా. బొమ్మలు బాగేసేడు."

ఆ పుస్తకంలో బొమ్మలే లేవు. మొన్నటిదాకా అయితే నవ్వి ఊరుకునేదాన్ని. "పిన్నీ, ఉన్నమాట చెప్పు," అన్నాను.

ఆవిడ కొంగు మెలిపెట్టుకుంది. తర్వాత తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఆరు బారలు వొదిలేడు, అది నిజవే. వొదిల్తే ఏటవుద్ది? కట్టూ కట్టూ గుద్దుకున్నాయి. మా వంటిల్లు కట్టు మూల ఇరిగిపోయింది. మీ మావ కట్టు అంచున నిలబడి, ఆడోళ్లంతా లోపలికి పొండని కేకలు. మేం పోలేదు. ఇళ్లల్లో నాచు పరుపులు ఈడ్సుకొచ్చి కట్ల సందుల్లో కూరేం. ఎండునాచు తడిత్తే ఉబ్బుద్ది కదా, ఉబ్బి బిగుసుకుపోయింది. అప్పుడాగేయి గుద్దుకోడం. పదకొండు మందిమి, పొద్దుట్నుంచి సందేళ దాకా."

"సభలో చెప్పొచ్చు కదా పిన్నీ?"

"నన్నెవరు పిలిసేరు? పేరున్నోళ్లనే కదా పిలుత్తారు. ఆ పుస్తకంలో నా పేరు లేదు, వాళ్లెవరి పేర్లూ లేవు."

ఆవిడ వెళ్లాక చాలాసేపు పని చేయబుద్ధి కాలేదు. పదకొండేళ్లుగా ఈ నియమం నడిపిస్తున్నాను. పుస్తకంలో పేరున్నవాళ్లను పిలుస్తాను, సంతకం తీసుకుంటాను, ముద్ర కొడతాను. అక్కడే ఉండి కూడా పుస్తకంలోకి ఎక్కనివాళ్లు ఉంటారని ఒక్కసారి కూడా తట్టలేదు. సిగ్గేసింది.

ఇంకో చిక్కు ఉంది. ఇప్పుడు ఊళ్లో నాచు పరుపులు ఎవరి దగ్గరా లేవు. అందరూ గాలి పరుపులకు మారిపోయారు. వాటిని సందుల్లో పెడితే టప్పున పేలుతాయి. కొత్తగా నాచు తీసి ఎండబెట్టాలంటే రెండు నిండు ఎండలు కావాలి. ఏడో రోజు సాయంత్రానికి మబ్బు కమ్ముతుందని జెండా స్తంభం వాళ్లు చెబుతున్నారు.

నాలుగో రోజు

పొద్దున్నే దేవుడమ్మ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. చేతిలో గొలుసు పక్కన పెట్టి విన్నది.

"అక్కా, నువ్వే ముద్దరేసేవు. ఇప్పుడు నువ్వే కాదంటే ఎట్టా? ముద్దరున్న మాటొదిలేసి ముసలావిడ మాట మీద పని సేత్తే, రేపేదన్నా అయితే నన్ను బతకనిత్తారా? ముద్దర తీసేసి రా, అప్పుడు ఇంటాను."

ఆమె తప్పేం లేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అందును.

సంతకం పెట్టిన పద్దెనిమిది మందిలో ఆ రోజు తూర్పున ఉన్నవాళ్లు ఆరుగురు. ఆరుగురినీ పట్టుకున్నాను. ఆరుగురికీ పరుపుల సంగతి తెలుసు! మంచినీళ్ల యంత్రం అబ్బులు అయితే తల వంచుకున్నాడు.

"ఆయన ఎదురుగా కూసున్నాడు. లడ్డూ నోట్లో ఉంది. కాదని ఎట్టా అంటావమ్మా?" అన్నాడు.

ఎవరిని ఏమనను? నేనూ తిన్నాను కదా, అదీ రెండు. చక్కెర దాచుకుని చేయించిన లడ్డూ తిని, ఆ పెద్దాయన మొహం మీద ఇది అబద్ధమండీ అనగలవాడు మా ఊళ్లో పుట్టలేదు.

సాయంత్రం మావయ్యగారు వసారాలో తాళ్లు పేనుకుంటున్నారు. నాలుగో నియమం ఏమిటో ఆ పూట చూసుకోలేదు. నేరుగా వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"మావయ్యగారూ, తొమ్మిదో అధ్యాయంలో పరుపులు ఎందుకు లేవండీ?"

ఆయన చేతులు ఆగాయి. "ఎవరు సెప్పేరు?"

"ఎవరు చెప్పినా నిజమా కాదా?"

"ఆడోళ్లు నా మాట కాదని సేసిన పని. నా పుస్తకంలో నేను రాసుకోవాలా?"

"రాయకపోతే మీ ఇష్టం. కానీ దేవుడమ్మ అది చదివే గొలుసులు వదలబోతోంది. ఆమె దగ్గర పరుపులు లేవు."

"ముప్పై ఏళ్ల పేరమ్మాయ్ నాది. నలుగుర్లో తీసేత్తావా?"

ఆయన అన్నం తినకుండానే లేచి వెళ్లిపోయారు. నడి ఊళ్లో పెరిగిన నేను పందొమ్మిదేళ్ల వయసులో ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు, బాగా ఊగే ఈ అంచు కట్టు మీద పడిపోకుండా నడవడం నేర్పింది ఆయనే. గ్రంథాలయంలో ప్రతి అరా ఆయన చేత్తో చేసినదే. కన్నతండ్రి మీద కూడా నాకు అంత ప్రేమ లేదు. ఆయన పళ్లెం మీద మూత పెట్టాను, నేనూ తినలేకపోయాను.

అయిదో రోజు

పొద్దున్నే గ్రంథాలయం గంట కొట్టాను. గంట కొడితే ఊరు రావాలి, వచ్చింది. అరుగు మీద నిలబడి చెప్పాను.

"ఓలేటి నూకరాజు గారి పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం పూర్తి నిజం కాదు. ముద్ర తీసేస్తున్నాను. సరిగా విచారించకుండా ముద్ర వేసిన తప్పు నాది."

అందరూ చూస్తుండగా మొదటి పేజీ మీది ముద్రను కత్తితో గీకేశాను. పుస్తకాన్ని తీసుకెళ్లి కథల అరలో పెట్టాను. నాకు భయం వేయలేదు. చేయాల్సిన పని కాబట్టి చేశాను.

జనం ఊరుకుంటారా? ఇంటి పెద్ద పరువు తీసిన కోడలినని ఒకరు, చదువుకున్న పొగరు అని ఒకరు. కథల అరలో పుస్తకాలు ఉన్న రచయితలు ఇద్దరు మాత్రం బాగా సంతోషపడ్డారు. దేవుడమ్మ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. కళ్లల్లో నీళ్లు.

"ముద్దర తీసేవు, సరే. ఇప్పుడు నేనేం సెయ్యాలక్కా? ఆరు బారల మాటా పోయింది. నాచు అంటన్నావు, అది రుజువేంటి? తొమ్మిదొందల మందిని ఎవరి మాట మీద పెట్టను?"

సింహాచలం పిన్ని వెనకాల ఎక్కడో నిలబడి ఉంది, కానీ ఆవిడ మాట ఒక్కటీ చాలదని ఆవిడకీ తెలుసు.

"నా మాట మీద పెట్టు."

జనం పక్కకు జరిగారు. మావయ్యగారు నిన్నటి బట్టలతోనే ఉన్నారు. రాత్రి ఎక్కడ పడుకున్నారో తెలియదు. అరుగెక్కి నా పక్కన నిలబడ్డారు గానీ నా వైపు చూడలేదు.

"సింహాచలం," అన్నారు. అందరూ ఆవిడను పిలుస్తున్నారేమో అనుకున్నారు. ఆయన ఆపలేదు. "కన్నమ్మ. గంటాలమ్మ. పెద్ద నూకాలు, సిన్న నూకాలు. ఎర్రయ్యమ్మ. పోలమ్మ. అప్పయ్యమ్మ. బంగారమ్మ. మసేనమ్మ. సత్తెమ్మ."

చేతిలో కాగితం లేదు. పందొమ్మిదేళ్లుగా పదకొండు పేర్లూ ఆయనకు గుర్తున్నాయి. పుస్తకంలో ఒక్కటీ పెట్టలేదు.

"నేను లోపలికి పొమ్మన్నాను. ఆళ్లు పోలేదు. అందుకే ఊరుంది," అన్నారు. తర్వాత దేవుడమ్మ వైపు తిరిగారు. "గొలుసు ఆరు బారలే వొదులు. కానీ సందుల్లో నాచు కూరేకే వొదులు. ముందొదిలేవో, మూలలు ఇరిగిపోతాయి. ఎంత కూరాలో, ఏ సందులో ఎంత పట్టుద్దో నాకు తెలీదు. సింహాచలాన్ని అడుగు."

దేవుడమ్మ సింహాచలం పిన్ని చెయ్యి పట్టుకుని తూర్పుకు తీసుకుపోయింది. మధ్యాహ్నానికి పడవలన్నీ నాచుకు బయల్దేరాయి.

ఏడో రోజు

ఊళ్లో నాచు పరవని చోటు లేదు. ఇళ్ల కప్పుల మీద, నడక దారుల మీద, బడి మెట్ల మీద అంతా నాచే. పుస్తకాలు ఎండబెట్టే నా బల్లలు కూడా ఇచ్చేశాను. కంపు చెప్పనలవి కాదు. పళ్ల డాక్టరు వచ్చి, నాచు తిరగేస్తూనే నా పరీక్ష ఎలా సాగుతోందని అడిగాడు. బాగా సాగుతోందని చెప్పాను.

మూడింటికి మబ్బులు కమ్మాయి. అప్పటికే సంచుల్లోకి ఎత్తడం మొదలుపెట్టాం. లెక్క చూస్తే, సింహాచలం పిన్ని కావాలన్నదానికి పన్నెండు సంచులు తక్కువయ్యాయి.

మావయ్యగారు ఇంటికి వచ్చి అన్నం తిన్నారు. వడ్డిస్తుంటే చాలు అని చెయ్యి అడ్డం పెట్టారు, అంతే.

పదో రోజు

నిన్న రాయడం కుదరలేదు.

తుఫాను నిన్న పొద్దున ఏడింటికి తాకింది. అప్పటికి తూర్పు సందులన్నీ నిండాయి, వంటిల్లు కట్టు పక్కది తప్ప. పన్నెండు సంచులు తక్కువైంది అక్కడే. సింహాచలం పిన్ని నడుముకు తాడు కట్టుకుని ఆ సందు దగ్గరే నిలబడింది. ఆవిడ చెయ్యి ఊపగానే దేవుడమ్మ గొలుసులు వదిలింది, ఒక్కో బారా లెక్కపెట్టి. కట్లు ఊగాయి. నాచు ఉబ్బడం కళ్లారా చూశాను. సంచుల కుట్లు పిగిలి, పచ్చగా పొంగి, సందంతా పట్టేసింది. నిండని సందులో మాత్రం రెండు కట్లూ గుద్దుకుంటూనే ఉన్నాయి. గుద్దినప్పుడల్లా కాళ్ల కింద చెక్క ఏడ్చేది.

ఇంట్లో ఉన్న పాత కోకలు, వలలు, ఏది దొరికితే అది పడేస్తున్నాం. అప్పుడు మావయ్యగారు వచ్చారు, భుజం మీద పరుపుతో. ఆయన నడుం నొప్పికి గాలి పరుపు పడదని పాత నాచు పరుపు మీదే పడుకుంటారు. ఊళ్లో మిగిలిన ఒకే ఒక్కటి అదే. ఆ సంగతి నాకే గుర్తు రాలేదు.

"ఎక్కడ పెట్టమంటావ్ సింహాచలం?" అని అరిచారు.

"ఆ మూలకి! సేతులు లోపలెట్టకు, నలిగిపోతాయి!"

ఆవిడ చెప్పినట్టే చేశారు. పరుపు మూడింతల లావున ఉబ్బింది. సాయంత్రానికి గాలి తగ్గింది. వంటిల్లు కట్టు చుట్టుగోడ పోయింది. రెండు పాకలు ఎగిరిపోయాయి, దేవుడమ్మ బొటనవేలు చితికింది. కట్లు నలభైకి నలభై ఉన్నాయి. మనుషులందరూ ఉన్నారు.

పరీక్ష ఇవాళ్టితో పూర్తయింది. 'మొహమాటానికి పది రోజుల మందు' పని చేస్తుందని రాసి, బాగుపడే అరలో పెట్టాను. పనికొచ్చినవాటిలో ఇది పదోది. పచ్చడి విషయంలో పాటించనక్కర్లేదని కింద చిన్న అక్షరాలతో రాశాను.

నలభై మూడో రోజు

పద్ధతి మార్చాం. ఇకనుంచి జీవిత కథ సభకు పేరున్నవాళ్లను పిలిచి ఊరుకోం. రాసిన సంగతి జరిగిన పూట అక్కడ ఉన్నవాళ్లందరూ రావాలని చాటింపు వేస్తాం. పుస్తకంలో లేనివాళ్లు ముందు వరసలో కూర్చుంటారు. తినేవి ఏవైనా ఉంటే సంతకాలు అయ్యాకే.

ఇవాళ మావయ్యగారు కొత్త తొమ్మిదో అధ్యాయం చదివారు. పదకొండు మందిలో ఏడుగురు బతికి ఉన్నారు, ఏడుగురూ ముందు వరసలో కూర్చున్నారు. తమని వీరవనితలు అని రాయడం సింహాచలం పిన్నికి నచ్చలేదు.

"ఆ మాట తీసెయ్యి. పరుపులు పోయినియ్యని వారం రోజులు ఏడిసేం. అది రాయి," అంది. ఆయన కొట్టేసి అదే రాశారు.

చివర్లో ఈ తుఫాను గురించి కూడా కొంచెం రాశారు. అందులో నా పేరుంది. అంటే నేనూ సాక్షినే, సంతకం పెట్టాలి. కాగితం నా ముందు పెట్టారు. 'మా కోడలు పైడమ్మ గంట కొట్టి నా పుస్తకం ముద్ర తీసేసింది. ఆ పిల్ల ఏమాత్రం భయపడలేదు' అని ఉంది.

కలం తీసుకుని ఆ వాక్యం మళ్లీ చదివాను. అదే మాట నేనూ ఈ దినచర్య పుస్తకంలో రాసుకున్నాను. అప్పుడు అబద్ధమని అనిపించలేదు, రాసుకుంటే ధైర్యంగా ఉందని రాసుకున్నాను.

"మావయ్యగారూ, నేను సంతకం పెట్టను," అన్నాను. "ఇది నిజం కాదు. గంట కొట్టేటప్పుడు తాడు రెండుసార్లు నా చేతిలోంచి జారిపోయింది. ముద్ర గీకేటప్పుడు కాళ్లు వణికాయి. మీరు ఇక ఈ జన్మలో నన్ను అమ్మాయి అని పిలవరేమోనని భయం వేసింది. అది రాయండి."

మావయ్యగారు కళ్లద్దాలు తీసి, పంచె అంచుతో తుడుచుకున్నారు.

"ఆ పొద్దు నేను తెల్లారకట్ల నుంచీ ఎదురింటి తలుపు ఎనకాలే ఉన్నానమ్మాయ్," అన్నారు. "తాడు జారడం సూసేను. కాళ్లొణకడం సూసేను. నలుగుర్లో రాత్తే బాగోదని మొగమాటపడ్డాను."

ఆ వాక్యం కొట్టేసి, నేను చెప్పింది చెప్పినట్టు రాశారు. చదువుకుని, సంతకం పెట్టాను.